కాణిపాకం నెపోలియన్

చిత్తూరులో జయచంద్ర చెప్పిన మాటకు "కాదు" అనదల్చుకున్నవాడు ముందు చెప్పులు వేసుకుని ఉండాలి. ఎందుకంటే ఆ మరుక్షణం ఆయన నోట్లోంచి వచ్చే మాట ఒక్కటే.

"అట్లయితే కాణిపాకం పోదామా?"

కాణిపాకం చిత్తూరుకు దగ్గరే. అక్కడి వరసిద్ధి వినాయకుడి ముందు తడిబట్టలతో నిలబడి అబద్ధం చెబితే ఆయన ఊరుకోడని చుట్టుపక్కల జనం నమ్మకం. పొలం గట్ల తగాదాలు, దొంగతనాల గొడవలు, అన్నదమ్ముల అనుమానాలు అక్కడ ప్రమాణాలతో తీరిపోతుంటాయి. అంత పెద్ద వ్యవహారాలు చూసుకునే దేవుణ్ణి జయచంద్ర రసంలో ఇంగువ ఉందా లేదా అన్నదానికి కూడా లేపేవాడు.

ఇది ఉత్తుత్తి మాట కాదు. ఒకరోజు భోజనం దగ్గర ఆయన చెయ్యి ఆపి, "ఇంగువ ఎయ్యలేదు" అన్నాడు.

"ఏసినా," అంది భార్య రేవతి.

"ఎయ్యలే."

"ఏసినానంటే ఏసినా."

"కాణిపాకం పోదామా?"

"పా," అంది రేవతి. చెయ్యి కడుక్కుని, చీర మార్చుకుని, ఇంటికి తాళం వేసింది.

ఇద్దరూ బస్సెక్కారు. రేవతి స్వామి ముందు నిలబడి, పోపులో ఇంగువ వేశానని ప్రమాణం చేసింది. జయచంద్ర లెంపలు వేసుకుని, "అట్లయితే తప్పు నా నాలుకది" అని ఒప్పుకున్నాడు. తిరుగు బస్సులో కిటికీ సీటు ఆమెకు ఇచ్చాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో రసం ఎలా ఉంటే అలా తాగుతున్నారు.

మార్కెట్ వీధిలో ఆయనకు స్టీలు పాత్రల అంగడి. ఎవరైనా బిందె పట్టుకొచ్చి కారుతోందంటే ఆయన బిందె వైపు చూసేవాడు కాదు, మనిషి వైపు చూసేవాడు.

"కింద పడేసినావా?"

"లేదబ్బా."

"కాణిపాకం పోదామా?"

వచ్చినవాడు నీళ్లు నమిలితే బిందె కూడా వాడితోపాటు ఇంటికి పోయేది. "పా" అని తెగించి ముందుకొస్తే మాత్రం జయచంద్ర మారు మాట్లాడకుండా కొత్త బిందె ఇచ్చి, పైన ఒక గరిటె కూడా పెట్టేవాడు. "పా అన్నోడు అబద్ధమాడడప్పా" అనేది ఆయన న్యాయశాస్త్రం.

అలాంటి మనిషికి నెపోలియన్ తగిలాడు.

లాక్‌డౌన్ రోజుల్లో అంగడి మూతపడింది. వాదించడానికి రేవతి తప్ప ఎవరూ లేరు. రేవతేమో ఏమన్నా "పా" అంటుంది, బస్సులేమో లేవు. దిక్కుతోచక ఆయన ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. ఒకదాంట్లో ఏదో చలిదేశంలో గడ్డాలు నెరిసిన దొరలు నలుగురు పెద్ద బల్ల చుట్టూ నిలబడి, చిటికెన వేలంత సిపాయి బొమ్మల్ని టేపుతో కొలుస్తూ ముందుకు జరుపుతున్నారు. రెండువందల ఏళ్ల కిందటి నెపోలియన్ యుద్ధాలట. కాల్బలం ఒక ఎత్తుకు ఇన్ని అంగుళాలే నడవాలి. గుర్రాలు ఇన్ని అంగుళాలే ఉరకాలి. తుపాకి తగిలిందో లేదో పాచిక చెప్పాలి.

జయచంద్రను కట్టిపడేసింది నెపోలియన్ కాదు. ఆ దొరల్లో ఇద్దరు ఒక అరంగుళం కోసం మొహాలు మిరపపళ్లయ్యేలా పోట్లాడుకున్నారు.

"రేవతీ, ఈడికి రా మే! ఈళ్లను సూడు! అరంగుళానికి రాజ్యాలు పోతా ఉండాయి!"

తనలాంటి వాడొకడు చిత్తూరులో పుడతాడని ముందే తెలిసి, ఎవరో దొరలు శ్రమపడి ఒక ఆట తయారుచేసి పెట్టారని ఆయనకు గట్టిగా అనిపించింది.

బొమ్మల్ని కొనలేదు. పాత తగరం కరిగించి అచ్చుల్లో పోసి తానే సైన్యాలను కన్నాడు. వాటికి బట్టలు తొడిగింది నిస్సార్. నిస్సార్ ఆయనకు చిన్ననాటి స్నేహితుడు, ఊళ్లో పేరున్న సైన్‌బోర్డు ఆర్టిస్టు. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు తగ్గినా, లారీ వెనకాల నెమలి కావాలంటే ఇప్పటికీ ఆయన గుమ్మం తొక్కాల్సిందే. ఆవగింజంత మొహానికి మీసం దిద్దగల చెయ్యి. ఫ్రెంచివాళ్లకు నీలం కోట్లు, ఇంగ్లీషువాళ్లకు ఎర్ర కోట్లు వేసి, బొత్తాలు కూడా చుక్క చుక్కగా పెట్టాడు.

లాక్‌డౌన్ ఎత్తేశాక అంగడి పైన గోడౌన్లో పెళ్లి భోజనాల బల్లలు రెండు కలిపి, ఆకుపచ్చ దుప్పటి పరిచారు. దుప్పటి కింద బోర్లించిన బేసిన్లు కొండలయ్యాయి. గిన్నెలు తోమే పచ్చ పీచులు అడవులయ్యాయి. రేవతి పాత చీర నీలం అంచు నదయింది. పాచికలు వేయడానికి స్టీలు తాంబాళం పెట్టారు. ఫిరంగి శబ్దం లేని లోటును అది కొంతవరకు తీర్చేది.

అంపైరు ఒకడు కావాల్సి వచ్చాడు. పక్క అంగడి జెరాక్సు ధర్మేంద్రను పిలిచారు. ఇంగ్లీషు నిబంధనలు చదివి తెలుగులో చెప్పగలిగినవాడు ఆ వీధిలో అతనొక్కడే. అది పైకి కనిపించే అర్హత. ధర్మేంద్ర ఒప్పుకున్న కారణం వేరే. అతను పుట్టు కొంటెవాడు. ఎదురింటి వాళ్ల గేటుకు "ఈ ఇల్లు అమ్మబడదు, అడగొద్దు" అని బోర్డు తగిలించి, అమ్ముతారేమోనని అడిగే జనాన్ని బారులు తీయించిన ఘనుడు. అతనికి జీవితంలో ఒక కోరిక ఉండేది. జయచంద్ర ఒక్క అబద్ధమాడగా పట్టుకోవాలి. పట్టుకుని, వీధి వీధంతా వినేలా, "జయన్నా, కాణిపాకం పోదామా?" అనాలి. ఆ ఒక్క మాట కోసం ఆదివారం మధ్యాహ్నపు నిద్ర త్యాగం చేసి కుర్చీలో కూర్చునేవాడు.

జయచంద్ర ఎప్పుడూ నెపోలియనే. నిస్సార్ ఇంగ్లీషువాడో, రష్యావాడో, ఆస్ట్రియావాడో, ఆ వారం ఎవరు ఓడిపోవాలో వాళ్లు. వాటర్లూలో నెపోలియన్ ఓడిపోయాడని బడి పుస్తకాల్లో ఉంటుంది. చిత్తూరు మార్కెట్ వీధిలో ఆ యుద్ధం ఎన్ని ఆదివారాలు జరిగినా నెపోలియనే గెలిచేవాడు. ఆ గెలుపుల్లో సగం ఫిరంగులతో వచ్చినవి కావు, ఎండతో వచ్చినవి.

"ఆ గుర్రాలు నా ఫిరంగి దాకా రావు జయచంద్రా. అరంగుళం తక్కువుండాది, సూడు."

"వస్తాయి."

"రావప్పా!"

"కాణిపాకం పోదామా?"

నిస్సార్ కిటికీలోంచి బయటికి చూసేవాడు. మే నెల. రోడ్డు మీద తారు కరిగి చెప్పులు పట్టుకుని లాగుతోంది. కుక్కలు కూడా లారీల కింద చేరాయి.

"సరే, వచ్చినాయిలే. పొడుసుకో," అని తన సిపాయిల్ని తానే పడుకోబెట్టేవాడు.

ఒక్కోసారి నిస్సార్‌కూ రోషం వచ్చేది. "పా, ఈపొద్దు తేలిపోవల్ల" అని లేచేవాడు. ముగ్గురూ ఆటోలో పోయేవాళ్లు. నిస్సార్, ధర్మేంద్ర గుడి బయట శకుంతలమ్మ కొబ్బరికాయల అంగడి నీడలో చెప్పులకు కాపలా ఉండేవాళ్లు. జయచంద్ర కోనేట్లో మునిగి, నీళ్లు కారుతూ లోపలికి పోయి, ఫ్రెంచి ఫిరంగి కొండకు ఎన్ని అంగుళాల్లో ఉందో దేవుడికి విన్నవించుకుని, ప్రసాదంతో వచ్చేవాడు.

శకుంతలమ్మకు అలవాటైపోయింది. "ఏం సామీ, ఈపొద్దు గుర్రాలా, ఫిరంగులా?" అని అడిగేది.

"ఫిరంగులు మా."

"గెలిసినావా?"

"దేవుని ముందర గెలుపేంది, ఓటమేంది?" అని జయచంద్ర తల తుడుచుకుని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "గెలిసినా" అనేవాడు.

అయితే ఒక మాట చెప్పుకోవాలి. ఆయన అబద్ధం మాత్రం ఆడేవాడు కాదు. ఒకసారి తడిబట్టలతో గడప దాకా పోయి ఆగిపోయాడు. వేళ్లతో గాల్లో ఏదో కొలిచాడు. గిరుక్కున వెనక్కొచ్చి, "నిస్సారూ, నీదే రైటు. కాలంగుళం నాదే తప్పు" అన్నాడు. ఆటోలో తిరిగొచ్చి, చచ్చిపోయిన రష్యావాళ్లందరినీ తన చేత్తోనే లేపి నిలబెట్టాడు. ధర్మేంద్రకు ఆరోజు రాత్రి అన్నం సహించలేదు. ఇట్లాంటి మనిషిని పట్టుకోవడం ఎట్లా?

పట్టుకోలేకపోతే పోనీ, ఏడిపిద్దామని ఒక వారం జయచంద్ర స్టీలు టేపులో మొదటి అంగుళం కత్తిరించి, కొక్కెం మళ్లీ బిగించి పెట్టాడు. ఆ ఆదివారం నెపోలియన్ గుర్రాలన్నీ ఎక్కడికీ చేరకుండా అంగుళం ముందే ఆగిపోతున్నాయి. జయచంద్ర రెండెత్తులు వేశాక తన జానతో బల్ల కొలిచి, టేపును వాసన చూసినట్టు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఎవురు?"

"నాకేం తెలుసు జయన్నా," అన్నాడు ధర్మేంద్ర.

"కాణిపాకం పోదామా?"

ధర్మేంద్ర గొప్పగా లేచాడు. బస్టాండు దాకా గొప్పగానే నడిచాడు. కాణిపాకం బస్సు మొదటి మెట్టు మీద కాలు పెట్టాక, "నేనే కత్తిరించినా, వదిలెయ్ జయన్నా" అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లు వీధిలో అతన్ని అందరూ "ఏం అంగుళం, బాగుండావా?" అని పలకరించారు.

ఇట్లా రోజులు బాగానే గడిచిపోతుండగా నిస్సార్ కళ్లు మొరాయించాయి.

మొదట సైన్యంలో తెలిసింది. కొత్తగా వచ్చిన ఇంగ్లీషు దళంలో మీసాలు గడ్డం మీదికి జారాయి. ఒక సేనాధిపతికి మూడు కళ్లు వచ్చాయి. ఒక గుర్రానికి మొహం బదులు తోక దగ్గర కళ్లెం పడింది. తర్వాత ఊళ్లో తెలిసింది. ఒక అంగడికి రాసిన బోర్డులో అక్షరాలు ఎడమ నుంచి కుడికి కొండ దిగినట్టు దిగిపోయాయి. అంగడి యజమాని బోర్డును వంకరగా తగిలించి సరిచేసుకున్నాడు. జయచంద్ర ఆ మూడు కళ్ల సేనాధిపతిని చూసి కూడా ఏమీ అనకపోవడం ధర్మేంద్రకు ఆశ్చర్యమనిపించింది. అరంగుళానికి దేవుణ్ణి లేపే మనిషి, ఒక కన్ను ఎక్కువైతే ఊరుకున్నాడు!

ఒక ఆదివారం యుద్ధం మధ్యలో నిస్సార్ భార్య దిల్షాద్ బీ మెట్లెక్కి వచ్చింది.

"అన్నా, డాక్టరు ఏమన్నాడో ఈయన్నే అడుగు. చెప్పడు. నేనే చెప్తా. శుక్లాలు ముదిరిపోయినాయంట. ఇంకా ఆలస్యం చేస్తే కళ్లకే మోసమంట. ఏడాదిగా కాళ్లా వేళ్లా పడతా ఉండా, కదలడు!"

"కంట్లో కత్తి పెడతారంట జయచంద్రా," అన్నాడు నిస్సార్, ఒక ఇంగ్లీషు సిపాయిని గుండెకు హత్తుకుని. "అదీ మనిషి మేలుకోని ఉండంగానే! కోడిని కూడా అట్ల కొయ్యరు కదప్పా!"

"అందురూ చేయించుకుంటా ఉండారు కదా నిస్సారన్నా," అన్నాడు ధర్మేంద్ర.

"అందురికీ నా గుండె ఉండాదా?" అని నిస్సార్ ఆలోచించాడు. ఉన్నట్టుండి ఆయన మొహం వెలిగింది. "సరే దిల్షాద్, చేయించుకుంటా. ఒకటే షరతు. ఈయప్పను నేను ఒక్క యుద్ధంలో ఓడించల్ల. ఓడిస్తే మరసటి దినమే పోయి కత్తి కింద పడుకుంటా."

దిల్షాద్ బీ గోడకు ఆనుకుంది. కుందేలుకు కొమ్ములు మొలిచిన రోజున చేయించుకుంటానన్నా ఇంతకంటే నయమే.

"ఇంగో మాట," అన్నాడు నిస్సార్. "నామీద జాలిపడి ఈయప్ప కావాలని ఓడిపోతే చెల్లదు. కావాలని ఓడిపోలేదని కాణిపాకంలో ప్రమాణం చెయ్యల్ల. ఏం జయచంద్రా?"

"చెయ్యకుండా?" అన్నాడు జయచంద్ర. అని, ఆ మధ్యాహ్నం కూడా గెలిచాడు.

మరుసటి రోజు దిల్షాద్ బీ అంగడికి వచ్చింది. ధర్మేంద్ర అక్కడే టీ తాగుతున్నాడు.

"అన్నా, ఒక్క ఆదివారం ఓడిపో. నీకు పుణ్యముంటాది."

"ఓడిపోయేదానికి నాకేమి మా," అన్నాడు జయచంద్ర చెంబు తుడుస్తూ. "ప్రమాణం చెయ్యమంటా ఉండాడే. అబద్ధం నేనాడను."

"బొమ్మలాటన్నా అది!"

"బొమ్మలే. పాచిక నిజం కదమ్మా."

ఆమె మెట్లు దిగిపోయింది. ధర్మేంద్ర టీ గ్లాసు ఠక్కున పెట్టాడు.

"నీ నిజం పాడుగాను జయన్నా. ఆయప్ప గుడ్డోడైపోతే నీ నిజంతో యుద్ధమాడుకో పో!"

జయచంద్ర చెంబు మీద లేని మరకను ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

ఆ వచ్చే ఆదివారం వాటర్లూ. జయచంద్ర కాస్తయినా జాలి చూపిస్తాడేమోనని ధర్మేంద్ర ఆశగా కూర్చున్నాడు. ఆయన అంతకుముందెప్పుడూ అంత కర్కశంగా ఆడలేదు. నిస్సార్ కుడి వైపు దళాన్ని ఊడ్చేశాడు. పచ్చ పీచు అడవిలో దాక్కున్న వాళ్లను వెతికి మరీ పట్టుకున్నాడు. అంగుళం దగ్గర, అరంగుళం దగ్గర, గుర్రం మూతి దగ్గర, తోక దగ్గర పేచీ పెట్టాడు. దిల్షాద్ బీ మూలన కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటోంది. నిస్సార్ మాత్రం హాయిగా ఉన్నాడు. ఎంత ఓడిపోతే కళ్లకు అంత క్షేమం.

చివరికి నెపోలియన్ తన పాత కావలి దళాన్ని కదిలించాడు. ఎలుగు తోలు టోపీల ఆ వీరులంటే జయచంద్రకు ప్రాణం. చరిత్రలో వాటర్లూ తేలింది వాళ్ల దగ్గరే. వాళ్లు బేసిను కొండెక్కుతున్నారు. కొండ మీద నిస్సార్‌కు మిగిలింది ఒకే ఒక్క ఎర్రకోటు దళం, ఒకే ఒక్క పాచిక. ఆరు పడితే కావలి దళం చెదిరి పారిపోవాలి, యుద్ధం నిస్సార్‌ది. ఇంకేం పడినా ఎప్పటిలాగే.

"ఎయ్యప్పా," అన్నాడు జయచంద్ర. గొంతు ఎందుకో కీచుమంది.

నిస్సార్ బిస్మిల్లా అని పాచిక విసిరాడు. అది తాంబాళంలో గిర్రున తిరిగి, అంచుకు కొట్టుకుని, మోగి, ఆగింది.

ధర్మేంద్ర వంగి చూశాడు. ఒకటి. బొట్టు పెట్టినట్టు, మధ్యలో ఒకే ఒక్క చుక్క.

"ఆరు!" అని జయచంద్ర పొలికేక పెట్టాడు. "దొంగ నా కొడకా, ఆరేసినావే! అయిపోయె! నా దళమంతా పాయె!"

అంటూనే పాచికను గుప్పిట్లోకి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. తల బాదుకున్నాడు. కుర్చీలో కూలబడి, మళ్లీ లేచి, ఇంకోసారి కూలబడ్డాడు. జీవితంలో మొదటిసారి నటిస్తున్నవాడు ఎంత ఘోరంగా నటించగలడో అంత ఘోరంగానూ నటించాడు.

 నిస్సార్ కళ్లు చికిలించి ఖాళీ తాంబాళం వైపు చూశాడు.

"ధర్మా. ఆరేనా?"

ధర్మేంద్ర నోరు తెరిచాడు. ఎన్నాళ్ల కోరిక! మాట నాలుక చివరికొచ్చి కూర్చుంది. కాణిపాకం పోదామా? ఆ ఒక్క ముక్క అంటే చాలు, తన అంగుళం పేరు తుడిచిపెట్టుకుపోతుంది. అతను జయచంద్ర వైపు చూశాడు. బేసిను కొండ వెనక కూలబడిన నెపోలియన్ మొహం, అటుకుల డబ్బాలో చెయ్యి పెట్టి దొరికిపోయిన పిల్లోడి మొహంలా ఉంది. ఆయన చెయ్యి జేబు మీద గట్టిగా అదిమి ఉంది. మూలన తస్బీ ఆగిపోయింది.

"ఆరే నిస్సారన్నా," అన్నాడు ధర్మేంద్ర. "కళ్లారా సూసినా."

అన్నాక ఆ మాటను మళ్లీ మింగుదామా అన్నంత బాధ కలిగింది. అబద్ధమాడినందుకు కాదు, అంత మంచి అవకాశం పోయినందుకు.

 నిస్సార్ లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

"అయితే పా, కాణిపాకం పోదాం."

జయచంద్ర కిటికీలోంచి బయటికి చూశాడు. "ఈ ఎండలోనా?" అన్నాడు.

ధర్మేంద్ర కుర్చీలోంచి జారబోయి నిలదొక్కుకున్నాడు.

"ఎండేంది నీకు?" అన్నాడు నిస్సార్.

"మోకాలు పట్టేసింది నిస్సారూ."

"ఇందాక ఎగిరినప్పుడు బాగుండె కదా?"

"ఎగిరినందుకే పట్టేసింది. పైగా ఓడిపోయిన దుఃఖంలో ఉండా. దుఃఖంలో దేవుని కాడికి పోగూడదంట."

"ఎవురు చెప్పినారు?"

జయచంద్ర ధర్మేంద్ర వైపు చూశాడు. "అవునన్నా, పోగూడదు," అన్నాడు ధర్మేంద్ర. ఒకసారి దిగాక లోతెంతైతేనేం.

దిల్షాద్ బీ లేచి నిలబడింది. "దేవుడు యాడికీ పోడు, అన్న యాడికీ పోడు. కళ్లు పోతాయి. ముందు ఆపరేషన్. ఆ తర్వాత నువ్వు అన్నను కాణిపాకం తీసుకుపోతావో, కాశీకి తీసుకుపోతావో నీ ఇష్టం. మాటిచ్చినావు, పా!"

మరుసటి రోజే నిస్సార్, దిల్షాద్ బీ, జయచంద్ర తిరుపతి ఆసుపత్రికి పోయారు. ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతుంటే నిస్సార్, "జయచంద్రా, బయటే ఉండావా?" అని అడిగాడు. "ఉండా," అన్నాడు జయచంద్ర. మళ్లీ తలుపు సందులోంచి, "ఉండావా?" అని వినిపించింది. "ఉండానప్పా! కావాలంటే..." అని ఆయన ఆగిపోయి, "ఉండా" అని ముగించాడు. టీ తాగడానికి కూడా కదలకుండా అక్కడే కూర్చున్నాడని దిల్షాద్ బీ తర్వాత చెప్పింది. నర్సు బయటికొచ్చి అంతా బాగా జరిగిందని చెబితే, ఆయన అది నిజమేనా అని వాదించలేదంటే రేవతి ఎంతకీ నమ్మలేదు.

ఒక కన్నయ్యాక కొన్ని వారాలకు రెండో కన్ను కూడా చేశారు. ఈలోపల చిత్తూరులో ఒక వింత జరిగింది. జయచంద్ర ఆ మాట అనడం మానేశాడు.

"సార్, ఈ బిందె కారతా ఉండాది," అన్నాడొకడు.

"ఇంగోటి ఎత్తుకోని పో."

వచ్చినవాడు బిందె తీసుకోలేదు. భయంగా ఆయన మొహంలోకి చూసి, "సార్, ఒంట్లో బాగుండాదా?" అన్నాడు. జయచంద్రకు ఏదో పెద్ద రోగమే వచ్చిందని మార్కెట్ వీధిలో చెప్పుకున్నారు. ఇంట్లో రసంలో ఉప్పు మరిచిపోతే కూడా, "బాగుండాది రేవతీ" అన్నాడట. కాణిపాకం బస్సు ఎదురైతే తల తిప్పుకునేవాడు. ధర్మేంద్ర ఇవన్నీ చూసి, ఎదురుగా నవ్వలేక, జెరాక్సు మిషను వెనక్కి పోయి నవ్వేవాడు.

ఒక ఉదయం అంగడి ముందు ఆటో ఆగింది. నిస్సార్ దిగాడు. నల్ల కళ్లజోడు లేదు. వీధి ఆ చివరి బోర్డు మీది ఫోన్ నంబరు అక్కడి నుంచే గట్టిగా చదివాడు. ఆ తర్వాత జయచంద్ర వైపు తిరిగాడు.

"మోకాలు ఎట్లుండాది?"

"మోకాలా? అది..." అని జయచంద్ర ఏ మోకాలో గుర్తు తెచ్చుకోవడానికి రెండూ పట్టుకున్నాడు.

"ఆటో ఎక్కు. ధర్మా, నువ్వూ రా."

 కాణిపాకంలో దిగాక, జయచంద్ర చెప్పులు విప్పడానికి పట్టిన సమయంలో ఒక పెళ్లి చేయవచ్చు. ఒకటి విప్పి, దుమ్ము దులిపి, మళ్లీ వేసుకుని, రెండోది విప్పాడు. శకుంతలమ్మ పలకరించింది.

"శానా దినాలైపోయె సామీ! ఈపొద్దు గుర్రాలా, ఫిరంగులా?"

జయచంద్ర వినిపించనట్టు కొబ్బరికాయల్ని ఒక్కొక్కటిగా చెవి దగ్గర ఊపసాగాడు. చెమట ధారగా కారుతోంది. ధర్మేంద్రకు జాలేసింది. ఇంకొక అబద్ధం ఏదైనా దొరుకుతుందేమోనని బుర్రంతా వెతుకుతున్నాడు.

నిస్సార్ మాత్రం తీరిగ్గా అంగడి బల్ల మీద కూర్చుని, కొత్త కళ్లతో జయచంద్ర మొహాన్నే చూస్తున్నాడు. సినిమాకు వచ్చినవాడిలా చూస్తున్నాడు. చూసి చూసి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏందప్పా?" అన్నాడు జయచంద్ర.

"ఇన్నేండ్లు నన్ను ఎండలో తిప్పినావే, ఒక్క దినమన్నా ఈ మొగం సూడాలని తెచ్చినా. సాలు, కూసో. ఆ పాచిక ఆరు కాదని నాకు తెలుసు."

"ఆరే!"

"జయచంద్రా, నాకు చుక్కలు కనపడలేదు, నిజమే. ఆరు పడితే నల్లగా అలుక్కుపోయినట్టుంటాది, ఒకటి పడితే తెల్లగా ఉంటాది. ఆపొద్దు తాంబాళంలో పాలచుక్క మాదిరి తెల్లగా కనపడె. నువ్వేమో ఆరని అరస్తివి. ఈడేమో కళ్లారా సూసినాననె."

ధర్మేంద్ర తల వంచుకుని కొబ్బరి పీచు పీకడం మొదలుపెట్టాడు.

"మరి తెలిసీ యాల పోయినావు ఆపరేషన్‌కు?" అన్నాడు జయచంద్ర.

"భయమేసింది," అన్నాడు నిస్సార్. "డాక్టరు చెప్తే భయం లేదు. దిల్షాద్ ఏడిస్తే భయం లేదు. నువ్వు అబద్ధమాడితివి సూడు, అప్పుడు వణుకు పుట్టింది. కాణిపాకం జయచంద్రే అబద్ధమాడే కాడికి వచ్చినాడంటే, నా కళ్లు ఎంత పాడైపోయుండాయో అని!"

 జయచంద్ర చేతిలో ఉన్న కొబ్బరికాయను తిప్పి తిప్పి చూశాడు. శకుంతలమ్మకు విషయం ఏమీ అర్థం కాకపోయినా కొంగుతో నోరు మూసుకుని నవ్వింది.

"సరే లే," అన్నాడు నిస్సార్ లేచి. "ఆ వాటర్లూ చెల్లదు. వచ్చే ఆదివారం మళ్లీ మొదట్నించి. ఇప్పుడు రా నా మీదికి, నీ అంగుళం, అరంగుళం అన్నీ సూస్తా!"

"చెల్లకపోయేదేంది?" జయచంద్రకు చురుక్కుమంది. "నువ్వే గెలిసినావు. రాసిపెట్టుకో. ఒకసారి గెలిసినాక వాపసు ఇచ్చేది లేదు."

"ఒకటి పడిందప్పా!"

"ఆరు!"

"ఒకటి!"

"ఆరంటే ఆరే! కావాలంటే కాణి..."

మాట గొంతులోనే ఆగిపోయింది. ఆయన మెల్లగా తల తిప్పి గుడి గోపురం వైపు చూశాడు. ధర్మేంద్ర చూశాడు. నిస్సార్ చూశాడు. 

"శకుంతలమ్మా," అన్నాడు జయచంద్ర గొంతు తగ్గించి, "ఇంగో కాయ పెద్దది ఇయ్యి. ఈపొద్దు ఊరికే దండం పెట్టుకోని వచ్చేస్తాం."